గొంతు మొద్దుబారితే జబ్బు తగ్గినట్టేనా?

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనకొక సామెత ఉంది. దానిని రాజకీయాలకు వాడుతున్నాం, వ్యాపారాలకు వాడుతున్నాం, చివరికి పెళ్లి సంబంధాలకు కూడా వాడుతున్నాం. అది పుట్టిన చోటైన గొంతు దగ్గర మాత్రం దానిని మరచిపోయాం.

పోయిన చలికాలంలో నా బీపీ మాత్రల కోసం రాయికల్‌లో ఒక మందుల దుకాణానికి వెళ్లాను. నా ముందు ఒక తల్లి నిలబడి ఉంది. చంకలో ఏడాది దాటిన పిల్లవాడు. రెండు రోజులుగా జ్వరం, ఏం పెట్టినా మింగడం లేదు, నోరు తెరిస్తే ఏడుపు. కౌంటరు వెనుక ఉన్న యువకుడు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అలమారలోంచి ఒక చిన్న గొట్టం తీసి ముందు పెట్టాడు. "గిది నోట్ల పూయుండ్రి అక్కా, అర్ధగంటల పాలు తాగుతడు" అన్నాడు. ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకొని, కళ్లద్దాలు సవరించుకొని చదివాను. నూటికి 20 పాళ్లు బెంజోకైన్. పెద్దవాళ్ల నోటిపుండ్లకు తాత్కాలికంగా వాడే మందు అది.

"బాబుకు ఇది పూయవద్దమ్మా" అన్నాను.

"ఎందుకు సారూ? నిరుడు పెద్దోనికి గూడ గిదే పూసిన. ఏం గాలే" అన్నది.

ఆ "ఏం గాలే" అన్న మాటకు జవాబే ఈ వ్యాసం. అక్కడ నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పాను గాని, అది నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు.

గొంతుకు వాడే మందులన్నీ పైకి ఒకే రకంగా కనిపిస్తాయి. ఎర్రవో పచ్చవో చప్పరించే బిళ్ళలు, పుదీనా వాసన వేసే స్ప్రేలు, సీసాల్లో పుక్కిలించే ద్రవాలు. లోపలి సరుకు మాత్రం మూడు వేరువేరు జాతులది. బెంజోకైన్, లిడోకైన్ వంటివి నరాన్ని మొద్దుబార్చేవి. అయోడిన్, క్లోర్‌హెక్సిడిన్ వంటివి, బిళ్ళల్లో ఉండే అమైల్ మెటాక్రెసాల్ వంటివి క్రిమినాశినులు. ఫ్లర్బిప్రొఫెన్, బెంజిడమైన్ అనేవి నొప్పిని, వాపును తగ్గించేవి. అడిగిన వారికి ఏది చేతికి తగిలితే అది ఇచ్చేయడానికి ఇవి చాక్లెట్లు కావు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క హద్దు ఉంది. ఆ హద్దులన్నీ పెట్టె మీద, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి.

మొదట మొద్దుబార్చే మందుల సంగతి. బెంజోకైన్ నిన్నమొన్నటిది కాదు, 1890లో జర్మనీలో తయారైంది. గొంతులోని నరాల చివరలకు తగిలి, నొప్పి కబురు మెదడుకు చేరకుండా కాసేపు ఆపుతుంది. అంతే. వాపు అక్కడే ఉంటుంది, చీము అక్కడే ఉంటుంది, సూక్ష్మజీవి తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. అరగంటో గంటో గడిచాక నొప్పి మళ్లీ వస్తుంది. ఈలోగా రోగి అన్నం తినగలిగితే, కంటి నిండా నిద్రపోగలిగితే మంచిదే. పెద్దవాళ్లు ఒకటి రెండు రోజులు, పెట్టె మీద రాసిన లెక్క దాటకుండా వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు.

పసిపిల్లల విషయంలోనే అభ్యంతరం. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. బెంజోకైన్ కొందరి రక్తంలో ఆ ఇనుము స్వభావాన్ని మార్చేస్తుంది. మారిన హిమోగ్లోబిన్‌ను మెథెమోగ్లోబిన్ అంటాం. అది ప్రాణవాయువును మోయలేదు. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, గుండె బాగానే కొట్టుకుంటుంది, అయినా బిడ్డ పెదవులు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో మారిపోతాయి. రక్తం తీసి చూస్తే ఎర్రగా కాక చాక్లెట్ రంగులో ఉంటుంది. ఆక్సిజన్ పెట్టినా ఆ రంగు మారదు. మెథిలీన్ బ్లూ అనే విరుగుడు సూదిమందు ఉంది, కాని జబ్బును గుర్తుపట్టిన వైద్యుడికే ఆ మందు గుర్తుకు వస్తుంది. పైగా పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఆ విరుగుడే ప్రమాదం. మారిన హిమోగ్లోబిన్‌ను తిరిగి దారిలో పెట్టే ఎంజైమ్ పసికందుల్లో ఇంకా పూర్తిగా తయారై ఉండదు కనుక వారికి ముప్పు ఎక్కువ.

1971 నుంచి ఇటువంటివి 400కు పైగా కేసులు నమోదైనట్టు అంచనా వేసి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 మే నెలలో రెండేళ్ల లోపు పిల్లలకు బెంజోకైన్ నోటిమందులు వాడకూడదని గట్టిగా చెప్పింది. చిక్కటి లిడోకైన్ ద్రావణాన్ని పళ్లు వచ్చే పిల్లల చిగుళ్లకు పూయవద్దని 2014లోనే హెచ్చరించింది. పిల్లలు దానిని మింగితే మూర్ఛలు రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అదే అలమారలో ఉండే కోలిన్ సాలిసిలేట్ జెల్‌ను 16 ఏళ్ల లోపు వారికి వాడవద్దని బ్రిటన్ 2009లో చెప్పింది. అది ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది.

ఇక "నిరుడు పూస్తే ఏం గాలే" అన్న మాట. ఇది మొదటిసారి పూసినప్పుడే రావచ్చు, నాలుగుసార్లు ఏమీ కాకుండా అయిదోసారి రావచ్చు. నిన్న వాగు దాటినవాడికి ఈరోజు కూడా అంతే నీరు ఉంటుందన్న హామీ లేదు.

పెద్దవాళ్లకు మరో చిక్కు ఉంది. గొంతు మొద్దుబారినప్పుడు మింగుడు పట్టు తప్పుతుంది. స్ప్రే కొట్టుకున్న అయిదు నిమిషాలకే వేడి చాయ్ తాగితే నోరు కాలినా తెలియదు. ముద్ద ఊపిరిగొట్టంలోకి జారితే వెంటనే దగ్గు రాకపోవచ్చు. కనీసం అరగంట, వీలైతే గంట ఆగి, తిమ్మిరి వదిలిన తరువాతే తినాలి. పక్షవాతం వచ్చి మింగడంలో ఇబ్బంది ఉన్న ముసలివారికి ఈ స్ప్రేలు అసలే వద్దు.

మన రాయికల్, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలకు ప్రత్యేకమైన ఒక దారి గురించి కూడా చెప్పాలి. ఇక్కడ గల్ఫ్‌కు వెళ్లినవారు లేని వీధి లేదు. దుబాయ్ నుంచో సౌదీ నుంచో సెలవు మీద వచ్చే పెట్టెల్లో సెంటు సీసాలు, దుప్పట్లు, బాదం పప్పులతో పాటు గొంతు స్ప్రేలు, బిళ్ళల డబ్బాలు కూడా వస్తాయి. వాటి మీద అరబ్బీ, ఇంగ్లీషు తప్ప మరో అక్షరం ఉండదు. "బయటి దేశం మందు, జోర్దార్ పనిచేస్తది" అని ఇంటిల్లిపాదీ వాడతారు, పక్కింటి పిల్లలకు కూడా కొడతారు. దూరం నుంచి వచ్చినంత మాత్రాన మందు మంచిదైపోదు. లోపల ఏముందో చదివించుకోకుండా దానిని పిల్లల నోటి దగ్గరకు తేవద్దు.

ఇప్పుడు క్రిమినాశినులు. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రభుత్వ డిస్పెన్సరీల్లో మాండ్ల్స్ పెయింట్ అనే ముదురు గోధుమ రంగు మందు ఉండేది. అయోడిన్, గ్లిజరిన్, పుదీనా నూనె కలిపినది. పుల్లకు దూది చుట్టి, ముంచి, పిల్లవాడి టాన్సిళ్లకు పూసేవాళ్లం. పిల్లవాడు ఓకరించేవాడు, తల్లి తృప్తిగా వెళ్లేది, మేమూ ఏదో చేశామన్న తృప్తితో ఉండేవాళ్లం. ఎందరికి పూశానో లెక్కలేదు. దాని వల్ల ఒక్క టాన్సిల్ జబ్బయినా నయమైందని ఈరోజు ప్రమాణం చేయలేను. టాన్సిల్ నున్నని గోళీ కాదు. దాని నిండా లోతైన చీలికలు ఉంటాయి. జబ్బు చేసే బాక్టీరియా ఆ చీలికల్లో, కండ లోపల ఉంటుంది. పైన రాసిన మందు, అర నిమిషం పుక్కిలించిన నీరు అక్కడికి చేరవు. సీసా మీద "సూక్ష్మక్రిములను చంపుతుంది" అని రాసి ఉంటే అది అబద్ధం కాదు. గాజు పలకల మీద చంపుతుంది. గొంతు గాజు పలక కాదు.

కరోనా రోజుల్లో పొవిడోన్ అయోడిన్ పుక్కిలింత ప్రతి ఇంట్లో ఒక పూజావిధి అయింది. పుక్కిలించడానికి చేసిన పలుచని ద్రవాన్ని, గాయాలకు పూసే గాఢమైన లోషన్‌ను ఒకటే అనుకొని వాడినవారిని చూశాను. గాయాల సీసా నోటికి కాదు. పుక్కిలించే సీసానైనా, దాని మీద చెప్పినట్టు గోరువెచ్చని నీళ్లు కలుపుకొని, అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. మింగకూడదు. వారాల తరబడి వాడకూడదు. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుడిని అడగకుండా వాడకూడదు. అయోడిన్ నోటి పొరల ద్వారా రక్తంలోకి వెళుతుంది. మన వీధుల్లో పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్లు ఎందరున్నారో అందరికీ తెలుసు. అమ్మే ముందు ఆ ఒక్క మాట అడిగిన దుకాణదారుడు నాకింతవరకు కనిపించలేదు. క్లోర్‌హెక్సిడిన్ అసలు చిగుళ్ల మందు. ఎక్కువ రోజులు వాడితే పళ్లు, నాలుక గోధుమ రంగుకు తిరుగుతాయి, రుచి చెడుతుంది.

క్రిమినాశక బిళ్ళలు చప్పరిస్తే నొప్పి కొంత తగ్గుతుంది, అది నిజమే. లాలాజలం ఊరడం, పొడి గొంతు తడవడం అందులో ఒక భాగం. వాటిలో చాలావరకు చక్కెర ముద్దలే గనుక షుగరు వ్యాధి ఉన్నవారు రోజుకు ఎన్ని చప్పరిస్తున్నారో లెక్క చూసుకోవాలి. అయిదారేళ్ల లోపు పిల్లలకు ఏ బిళ్ళా ఇవ్వవద్దు. మందు మాట అటుంచి, అది గొంతులో అడ్డం పడి ఊపిరి ఆగవచ్చు. ఫ్లర్బిప్రొఫెన్ బిళ్ళను మామూలు బిళ్ళగా భావించకండి. అది బిళ్ళ వేషంలో ఉన్న నొప్పి మాత్ర. రోజుకు అయిదు మించకూడదు, మూడు రోజులు దాటకూడదు, 12 ఏళ్ల లోపు వారికి కూడదు. కడుపులో పుండు ఉన్నవారు, ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చేవారు, రక్తం పలుచన చేసే మందులు వాడేవారు ముట్టుకోకూడదు.

ఇంతవరకు మందు చేసే హాని గురించి చెప్పాను. నాకు అంతకంటే ఎక్కువ కోపం తెప్పించేది మందు దాచిపెట్టే హాని.

గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. వారం రోజుల్లో వాటంతట అవే పోతాయి. వాటికి బిళ్ళ చాలు, ఉప్పునీళ్లు చాలు. కాని బడి వయసు పిల్లల గొంతు నొప్పుల్లో సుమారు నాలుగో వంతు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వస్తాయి. దగ్గు, ముక్కు కారడం ఉండవు. జ్వరం బాగా ఉంటుంది, టాన్సిళ్ల మీద తెల్లని మచ్చలుంటాయి, దవడ కింద గడ్డలు తాకితే నొప్పి పుడతాయి. దీనిని కూడా స్ప్రేతో మొద్దుబార్చవచ్చు. నాలుగైదు రోజులకు నొప్పి పోతుంది, పిల్లవాడు బడికి పోతాడు, ఇంట్లో అందరూ మరచిపోతారు. రెండు మూడు వారాల తరువాత మోకాళ్లు, మడమలు వాస్తాయి. దానిని ఎదిగే నొప్పులనుకుంటారు. లోపల గుండె కవాటం దెబ్బతింటూ ఉంటుంది.

ఇరవై, ఇరవై రెండేళ్ల అమ్మాయి, మొదటి కాన్పు, ఆరో నెల దాటగానే పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. అటువంటి వారిని కాన్పుల వార్డులో ఒకరిని కాదు, ఎందరినో చూశాను. స్టెతస్కోపు పెడితే మూసుకుపోయిన మైట్రల్ కవాటం చప్పుడు. చిన్నప్పుడు కీళ్లు వాచాయా అని అడిగితే తల్లి కాసేపు ఆలోచించి అవునని చెప్పేది. అంతకు ముందు గొంతు నొప్పి వచ్చిందా అంటే ఎవరికీ గుర్తుండేది కాదు. ఎలా గుర్తుంటుంది? గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపల పెన్సిలిన్ మొదలుపెట్టి ఉంటే ఈ కథ మొత్తం జరిగి ఉండేది కాదు. పది రోజుల మాత్రలు, లేదా ఒక్క బెంజథిన్ పెన్సిలిన్ సూది. కోట్ల రూపాయల వైద్యం కాదు.

దీనికి కొందరు చెప్పే సమాధానం నాకు తెలుసు. "అందుకే కదా సారూ, బిళ్ళలతో పాటు మూడు అజిత్రోమైసిన్ గోలీలు గూడ ఇస్తున్నం" అంటారు. ఇదే అసలు విడ్డూరం. వైరస్ గొంతుకు యాంటీబయాటిక్ అనవసరం, దానికి ఇస్తారు. స్ట్రెప్టోకాకస్ గొంతుకు ఇవ్వవలసింది పెన్సిలిన్ లేదా అమోక్సిసిలిన్, పూర్తిగా పది రోజులు. అది ఇవ్వరు. అజిత్రోమైసిన్ పెన్సిలిన్ పడనివారికి దాచుకోవలసిన మందు. చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు కూడా. అక్కరలేని చోట ఇచ్చి, అక్కరున్న చోట ఇవ్వక, పైనుంచి గొంతును మొద్దుబార్చి పంపడం వైద్యం ఎలా అవుతుంది?

డిఫ్తీరియా పోయిందని అనుకునేవారు హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి వైద్యులను అడగండి. మలేరియా రహస్యం ఛేదించిన రొనాల్డ్ రాస్ పేరు పెట్టిన ఆ ఆసుపత్రికి మన రోజుల్లోనూ ఆ పిల్లలు వస్తున్నారు. కొద్దిపాటి జ్వరం, గొంతు నొప్పి, లోపల బూడిద రంగు పొర, కొన్నిసార్లు వాచిన మెడ. అక్కడ యాంటీటాక్సిన్ ఎంత త్వరగా పడితే అంత మేలు. ఒక రోజు స్ప్రేతో గడిపితే ఆ రోజు తిరిగి రాదు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే టీకాలు, ఏడాదిన్నర ప్రాంతంలో, అయిదారేళ్లకు వేసే బూస్టర్లు, 10, 16 ఏళ్లకు వేసే టీడీ, ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. చిన్నప్పటివి వేయించి బూస్టర్లు మరచిపోయే ఇళ్లే ఎక్కువ.

బీడీలు చుట్టే మన అక్కాచెల్లెళ్ల గొంతు వేరే కథ. రోజంతా తంబాకు ధూళి పీలుస్తారు. గొంతు గరగర వాళ్లకు బతుకులో భాగమైపోయింది. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర నూలు దూది పీల్చేవారిది, పసుపు దంచే మిల్లుల్లో పనిచేసేవారిది కూడా ఇదే పరిస్థితి. కొంగు ముడిలో బిళ్ళల పట్టీ పెట్టుకొని నెలల తరబడి చప్పరిస్తారు. ఆ గరగరకు మందు బిళ్ళ కాదు, ముక్కుకు గుడ్డ, గదికి కిటికీ. ఇక బీడీ కాల్చేవారికి, గుట్కా నమిలేవారికి మూడు వారాలు దాటినా గొంతు బొంగురు పోకపోయినా, నోటిలో పుండు మానకపోయినా, మింగేటప్పుడు ఒక పక్కనే నొప్పి పెట్టి చెవికి పోటు పొడిచినా, అది మొద్దుబార్చవలసిన నొప్పి కానే కాదు. జగిత్యాలలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, సిరిసిల్లలో మరుసటి ఏడాది నుంచి ఉంది. చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకోవడానికి ఇప్పుడు హైదరాబాద్ బస్సు ఎక్కనవసరం లేదు.

దుకాణదారుల మీద మాత్రమే నింద వేయడం న్యాయం కాదు. మధ్యాహ్నం మూడింటికి పిల్లవాడు ఏడుస్తుంటే ఆ తల్లికి తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. ఓపీలో అర నిమిషంలో గొంతు చూడకుండానే చీటీ రాసిన వైద్యులం మేమూ ఉన్నాం. కాని ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు 2015లో వచ్చాయి. మందు ఇచ్చేటప్పుడు దాని వాడకం గురించి రోగికి వివరించడం ఫార్మసిస్టు విధి అని అవి చెబుతున్నాయి. గోడకు వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, కౌంటరులో నిలబడేది ఇంకొకరైతే ఆ విధి ఎవరు నెరవేరుస్తారు? తెలుగువాడి గొంతులోకి వెళ్లే మందు మీద ఒక్క తెలుగు వాక్యం లేకపోవడం ఏం న్యాయం? సబ్బు మీద, కారంపొడి మీద తెలుగు అచ్చువేయగలిగినవారు "రెండేళ్ల లోపు పిల్లలకు వాడరాదు" అన్న నాలుగు మాటలు వేయలేరా?

మరి గొంతు నొప్పి వస్తే ఏం చేయాలి? గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు, రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించండి. పుక్కిలించి ఉమ్మడం తెలిసిన పిల్లలకే ఇది. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్. పిల్లలకు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములు మించకుండా, ఆరు గంటల ఎడంతో ఇవ్వండి. ఏడాది దాటిన పిల్లలకు చెంచాడు తేనె ఇవ్వవచ్చు, ఏడాది లోపు మాత్రం తేనె నాకించవద్దు. పసుపు పాలు తాగండి, మన నేల పసుపే కదా, హాయిగా ఉంటుంది. పెన్సిలిన్ చేసే పని మాత్రం దానికి అప్పగించకండి. కొండనాలుక జారిందని వేలు పెట్టి నొక్కించడం, మెడకు సున్నం పట్టించడం మానేయండి.

నోటి నుంచి చొంగ కారుతూ మింగలేకపోతున్నా, ఊపిరి తీసేటప్పుడు ఈల చప్పుడు వస్తున్నా, నోరు తెరుచుకోకపోయినా, మెడ వాచినా, పెదవులు నీలమైనా ఏ దుకాణం దగ్గరా ఆగవద్దు. పిల్లవాడి నోట్లో చెంచా పెట్టి చూడవద్దు. 108కి ఫోన్ చేయండి. ఏదైనా స్ప్రేనో జెల్‌నో వాడి ఉంటే ఆ గొట్టాన్ని వెంట తీసుకెళ్లి వైద్యుడికి చూపండి. ఆక్సిజన్ పెట్టినా నీలం పోకపోతే కారణం వెతకడానికి అదే ఆధారం.

ఆ రోజు దుకాణం అరుగు మీదనే పిల్లవాడి నోరు చూశాను. అంగిలి వెనుక నాలుగైదు చిన్న పుండ్లు ఉన్నాయి, వైరస్ వల్ల వచ్చేవి. పారాసెటమాల్ రాసి, చల్లార్చిన పాలు, పలుచని పెరుగు చెంచాతో కొద్దికొద్దిగా పట్టమన్నాను. మూత్రం తగ్గితే వెంటనే తీసుకురమ్మన్నాను. నాలుగో రోజుకు తింటున్నాడని కబురు చేశారు.

దుకాణంలోని యువకుడు గొట్టం వెనక్కి తీసుకొని డబ్బులు తిరిగి ఇచ్చాడు. ఏమనుకుంటాడోనని నేను సందేహిస్తుండగానే, "ఏం అడగాల్నో కాయితం మీద రాసియ్యుండ్రి సారూ, గోడకు అతికిస్త" అన్నాడు. మందుల బిల్లు వెనుక రాసిచ్చాను: వయసు ఎంత? ఎన్ని రోజులైంది? జ్వరం, ఊపిరి, మింగుడు ఎలా ఉన్నాయి? ఇంకేం జబ్బులు, ఏం మందులు? మొన్న మళ్లీ బీపీ మాత్రలకు వెళితే ఆ కాగితం గోడకు ఉంది. బిల్లు సిరా వెలిసి నా రాత సగం కనిపించడం లేదు. ఈసారి పెద్ద అట్ట మీద రాసి తీసుకెళ్లాలి.